ఎవరి వల్ల తగ్గింది?

2004 జూన్ 21

తొమ్మిదో తరగతికి పువ్వు భాగాలు చెప్పాలని మందార పూలు తెమ్మన్నాను. తెచ్చినవన్నీ వెలిసిపోయి ఉన్నాయి. నిన్నటి పూలు తెస్తే ఎలాగని నలుగురిని నిలబెట్టాను. "ఇప్పుడే కోశామండీ" అని ఏడుపు మొహాలు పెట్టారు.

తర్వాత స్టాఫు రూములో ఎందుకో కుడికన్ను మూసి చూశాను. పువ్వు ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎడమకన్ను మూశాను. ఇటుకపొడి రంగు.

చాక్‌పీసు పొడి పడి ఉంటుంది. వెళ్లి పిల్లల్ని కూర్చోమన్నాను. పొరపాటు నాదని చెప్పలేదు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆ అలవాటు లేదు.

జూన్ 23

కన్ను పక్కకి తిప్పితే లోపల పోటు. ట్యూబులైటు వల్ల కావచ్చు.

జూలై 16

కన్ను బాగుపడింది. ఏలూరులో కళ్ల డాక్టరు నరం వాచిందన్నారు, విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారు. చూపించుకునేలోపే తగ్గింది.

పక్కింటి మంగతాయారు గారు ఈ మూడు వారాలూ పొద్దున్నే నందివర్ధనం పూలు తెచ్చి నా కళ్ల మీద పెట్టించారు. "చూశారా టీచరు గారండీ! డాక్టర్ల చుట్టూ తిరగడం దండగ" అన్నారు ఈ రోజు. మా అత్తయ్య రూతమ్మ గారు గుమ్మంలో నిలబడి, "మేం మొదటి రోజు నించీ ప్రార్థనలో పెట్టాం" అన్నారు, గోడతో చెబుతున్నట్టు.

సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు. కన్ను మాత్రం నాది.

2005 ఫిబ్రవరి 8

నడుము కింద నుంచి కాళ్లు నావి కావు. చిన్నప్పుడు మా ఊళ్లో కొల్లేటి బురదలో మోకాలి లోతున నడిచేవాళ్లం. ఇప్పుడు అదే నడక, గచ్చు మీద. పెదపాడులో బస్సు దిగుతూ పడ్డాను. చెప్పు జారిపోయిందని వెనక పిల్లలు పరిగెత్తుకొచ్చి చెబితే గాని తెలియలేదు.

స్కూల్లో నీరసం అని చెప్పాను.

ఫిబ్రవరి 19

విజయవాడ. తలకీ వెన్నుకీ స్కాను తీశారు. సొరంగంలో పడుకోబెట్టి చుట్టూ రేకులు కొట్టినట్టు చప్పుడు.

డాక్టరు గారు ఫిల్ము దీపం మీద పెట్టి తెల్లమచ్చలు చూపించారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అట. "ఎం.ఎస్. అంటాం. కరెంటు తీగకి తొడుగు ఉంటుంది కదమ్మా, నరానికీ అలాంటి పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరపాటున దాన్ని కొరుకుతున్నాయి. ఎక్కడ కొరికితే అక్కడ పని చెడుతుంది."

మా ఆయన సుకుమార్ ఎలక్ట్రిసిటీ ఆఫీసులో గుమాస్తా. జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు మాట్లాడింది ఆయనకి పూర్తిగా అర్థమైంది. "ఇన్సులేషన్ పోయిందన్నమాట! మావాళ్లయితే టేపు చుట్టేస్తారు సార్."

"మా డిపార్టుమెంటుకి ఆ టేపు ఇంకా రాలేదండి" అన్నారు డాక్టరు.

తర్వాత పాత సంగతులు అడిగారు. కాలేజీలో ఎడమచెయ్యి నెలరోజులు తిమ్మిరెక్కడం. మా ప్రసన్న పుట్టిన మూడో నెలలో అన్నీ రెండేసి కనపడటం. అది బాలింత నీరసమని అప్పట్లో అందరూ తేల్చారు. డాక్టరు రాసుకున్నారు. "జబ్బు పాతదేనమ్మా. పేరే కొత్తది."

"ఇది అందరికీ ఒకేలా ఉండదు" అన్నారు. "ఎక్కువమందికి వచ్చిపోయే రకం. దెబ్బ కొడుతుంది, వారాలో నెలలో ఉంటుంది, తగ్గుతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. వాళ్లలో కొందరికి కొన్నేళ్లయ్యాక పోవడం మానేసి, నిదానంగా ముదురుతుంది. అది రెండో రకం. ఇంకొంతమందికి మొదటి రోజు నించీ ముదరడమే, తగ్గడమనే మాటే ఉండదు. ఒక్కసారి వచ్చి మళ్లీ మొహం చూపించని వాళ్లూ ఉన్నారు."

"నాదండీ?"

"వచ్చిపోయే రకం."

ఫస్టు క్లాసు వచ్చినంత సంతోషమైంది. ఐదు రోజులు సెలైనులో స్టెరాయిడ్ ఎక్కిస్తారట. "దీంతో తగ్గిపోతుందాండి?" అంటే, "అది ఎలాగూ తగ్గేదే. నేను కొంచెం తొందరపెడతాను, అంతే" అన్నారు. మళ్లీ రాకుండా కొంతవరకు ఆపే ఇంజక్షన్లు ఉన్నాయని, ఖరీదైనవని కూడా చెప్పారు. వాటి గురించి మా ఆయనా నేనూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడంలోనే తేలిపోయింది.

ఫిబ్రవరి 26

ఇంటికొచ్చేసరికి వీధిలో అప్పుడే: "ఎమ్మెస్సీ చదివినావిడకి ఎమ్మెస్ వచ్చిందంట. దానికన్నా పైదేమో."

మార్చి 12

అత్తయ్య ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టారు. మంగతాయారు గారు ద్వారకా తిరుమలకి నా తరఫున మొక్కుకున్నారు. తలనీలాలు మాత్రం నావేనట. మా ఆయన పేపర్లో ఏదో చదివి జబ్బుకి మూలం కనిపెట్టారు: చెరువుల్లో వేసే మందులు చేపలోకి, చేపలో నుంచి నాలోకి. ఇంట్లో చేపలు బందు. కొల్లేట్లో పుట్టినదానికి ఇంతకన్నా పెద్ద వైద్యం ఎవరూ చెయ్యలేరు.

హెడ్మాస్టరు ప్రసాదరావు గారు చూడ్డానికొచ్చి నూనె సీసా ఇచ్చారు. జంగారెడ్డిగూడెం సరుకు. "నరాల జబ్బులకు నరసరాజు" అని చీటీ, దాని మీద మీసాలాయన బొమ్మ. వాసన చూస్తే ఆముదం, కర్పూరం, కొంచెం కిరసనాయిలు. నేను జీవశాస్త్రం టీచర్ని. నవ్వాను.

ఆయన వెళ్లాక గడియపెట్టుకుని రెండు కాళ్లకీ రాసుకున్నాను.

ఏప్రిల్ 3

ఈ రోజు వీధి చివరి దాకా ఒక్కదాన్నే నడిచి వచ్చాను. కాళ్ల కింద గచ్చు చల్లగా తగిలింది. ఎంత బాగుంది!

గుమ్మంలో అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుని, "పదిహేడో రోజునే నాకు తెలిసిందమ్మా, జవాబొచ్చిందని" అన్నారు.

"మొక్కుకున్న శనివారం నించే కదండీ కాలు కదిలింది!" అన్నారు గోడవతల నుంచి మంగతాయారు గారు.

"చేపలు మానేసి సరిగ్గా మూడు వారాలు" అన్నారు మా ఆయన, క్యాలెండరు చూపిస్తూ.

ప్రసాదరావు గారు ఫోను చేసి, "సీసా ఇంకా ఉందామ్మా?" అన్నారు.

డాక్టరు గారి మాట ఎవరూ ఎత్తలేదు. పాపం, ఆయన ముందే ఒప్పేసుకున్నారు కదా, అది ఎలాగూ తగ్గేదేనని. అలాంటి మనిషికి పేరెలా వస్తుంది?

జూన్ 26

హెడ్మాస్టరు గారి నోట విని నరసరాజు గారే స్వయంగా వచ్చారు. సీసా మీద కన్నా మీసాలు చిన్నవి. వెంట ఫొటోగ్రాఫరు.

"చదువుకున్నవారు, సైన్సు టీచరు గారు. తమరు ఒక్క మాట చెబితే వందమంది బాగుపడతారమ్మా. ముందు ఎలా ఉండేవారు, తర్వాత ఎలా ఉన్నారు, రెండు ఫొటోలు చాలు."

"ముందు ఫొటో లేదండీ నా దగ్గర."

"అయ్యో, దానిదేముందమ్మా. తీద్దాం."

'తర్వాత' ఫొటో ముందు తీశారు, పెరట్లో, నవ్వుతూ నిలబెట్టి. 'ముందు' ఫొటో తర్వాత తీశారు, కుర్చీలో కూలబడి, జుట్టు రేపుకుని, మాసిన చీరతో. ఫొటోగ్రాఫరు "ఇంకొంచెం దిగులుగా అండీ" అన్నాడు. పెట్టాను. బాగానే వచ్చిందనుకుంటాను.

నలుగురికి మేలు జరిగేదానికి కాదనడం ఎందుకు?

ఆగస్టు 14

జంగారెడ్డిగూడెం బస్సుల వెనకాల నేను. కరపత్రాల్లో నేను. "లేవలేని స్టెల్లా టీచరు లేచి నడిచె!"

ఈ రోజు బస్సులో ఒకాయన నన్ను గుర్తుపట్టి సీటివ్వడానికి లేచారు. అంతలో నాకు తగ్గిపోయిందని గుర్తొచ్చినట్టుంది, మళ్లీ కూర్చున్నారు.

సెప్టెంబరు 18

తాడేపల్లిగూడెం నుంచి సీతారత్నం గారని ఒకావిడ స్కూలుకి ఫోను చేశారు. వాళ్లాయనకీ ఎం.ఎస్. అట. కరపత్రం చూశారట. "ఒక్కసారి వచ్చి మా ఆయనతో మాట్లాడండమ్మా, మీ మాటంటే నమ్ముతారు" అని బతిమాలారు. ఆదివారం కదా అని వెళ్లాను.

చలపతిరావు గారు. నలభై ఆరేళ్లు ఉంటాయి. సర్వేయరుగా గొలుసు పట్టుకుని ఉంగుటూరు వైపు పొలాలన్నీ తిరిగిన మనిషి. ఇప్పుడు అరుగు మీద కుర్చీలో. నన్ను చూడగానే, కొత్తవాళ్లని మీరేమిట్లండీ అని కులం అడిగినంత మర్యాదగా, "మీది ఏ రకమండీ?" అన్నారు.

"వచ్చిపోయే రకమండీ."

"అదృష్టవంతులు. నాది వచ్చింది గాని, పోయే అలవాటు లేదండీ. ప్రైమరీ ప్రోగ్రెసివ్ అన్నారు. పేరులో ప్రోగ్రెస్ ఉందని మా ఆవిడ మొదట్లో సంతోషపడింది."

గ్రాఫు కాగితం తీసి చూపించారు. నాలుగేళ్లుగా ప్రతి నెలా ఒకటో తారీఖున, గుమ్మం నుంచి కాలవ గట్టు వైపు, కాలు ఈడ్చుకునేదాకా ఎన్ని అడుగులు వెయ్యగలరో కొలిచి చుక్క పెట్టారు. చుక్కలన్నీ కలిపితే ఎడమ నుంచి కుడికి దిగే ఒకటే వాలు. ఎక్కడా మెట్టు లేదు, మిట్ట లేదు. అలాంటి గీతని నేను పిల్లలకి వెయ్యమంటే స్కేలు పెట్టినా వెయ్యలేరు.

పక్కనే ఖాళీలో నాది గీశారు. "దభీమని పడుతుంది. కొన్నాళ్లకి లేస్తుంది. మళ్లీ పడుతుంది. అవునాండీ? చూడండి టీచరు గారూ, మీ గీత లేచే చోట ఎవరు నిలబడి ఉంటే వాళ్లకి పేరొస్తుంది. పూలతో ఎవరన్నా ఉంటే పూలవాళ్లకి. నూనెతో ఉంటే నూనెవాళ్లకి. నా గీతలో అసలు నిలబడ్డానికే చోటు లేదు."

 నాకు ఇవేవీ తెలియనట్టు గీతలు చూస్తూ కూర్చున్నాను.

వచ్చేటప్పుడు వంటింట్లో సీతారత్నం గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయన లెక్కలు ఆయనవిలెండమ్మా. మీరు చెప్పండి. నూనె పనిచేసిందా?"

ఆవిడ కళ్లు చూశాను.

"నాకైతే తగ్గిందండీ" అన్నాను.

సెప్టెంబరు 19

అబద్ధం చెప్పలేదు.

సెప్టెంబరు 22

నాకు తగ్గింది. నూనె రాసుకున్నాను. రెండూ నిజాలే. ఆ రెంటి మధ్య 'వల్ల' అనే మాట నేను వాడలేదు.

నవంబరు 27

తాడేపల్లిగూడెం ఆసుపత్రి.

అక్టోబరులోనే చలపతిరావు గారిని జంగారెడ్డిగూడెం తీసుకెళ్లారట. నలభై ఒక్క రోజుల వైద్యం. నూనె రాసి ఆవిరిపెట్టెలో కూర్చోబెట్టడం. వేడి తగిలితే ఈ జబ్బువాళ్లకి ఉన్న సత్తువ కూడా పోతుందని డాక్టరు గారు నాకు ఎప్పుడో చెప్పారు. నేను వీళ్లకి చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

పెట్టెలో వేడినీళ్ల కుండ పిక్కకి ఆనుకుని ఉందట. ఆయనకి తెలియలేదు. ఆ కాలికి వేడీ చలీ తెలిసి ఏడాదైంది. వాసన వస్తే సీతారత్నం గారు మూత తీయించారట.

కట్టు మోకాలి దాకా ఉంది. అక్కడికెళ్లేముందు చేతికర్రతో అరుగు దిగేవారు. ఇప్పుడు పక్క మీద ఒత్తిగిల్లాలన్నా ఆవిడ పట్టుకోవాలి.

"నరసరాజు గారు కోప్పడ్డారండీ, నాకు నమ్మకం చాలలేదట" అన్నారు ఆయన. నవ్వబోయి ఆగారు. "పాస్టర్ గారు ఒకసారొచ్చారు, రెండోసారి రాలేదు. సిద్ధాంతి గారూ అంతే. నాది ఎవరికీ పేరు తీసుకురాని జబ్బండీ."

"మీకు నూనె మీద నమ్మకం లేదు కదా. ఎందుకెళ్లారండీ?"

ఆయన వాకిలి వైపు చూశారు. ఆవిడ మందులకి వెళ్లారు. "నా కాళ్లు పోయినా ఇల్లు నడుస్తోందండీ. ఆవిడ ఆశ పోతే నడవదు. అందుకని వెళ్లాను."

ఆవిడ తిరిగొచ్చి నన్ను చూసి తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "మీకు తగ్గింది కదమ్మా. మా రాత ఇలా ఉంది" అన్నారు.

నవంబరు 28

అబద్ధమే చెప్పాను.

2006 ఫిబ్రవరి 5

నరసరాజు గారి ఆహ్వానం వచ్చింది. తాడేపల్లిగూడెం కల్యాణ మండపంలో 'నరాల మహాసభ'. ముఖ్య అతిథి నేను. శాలువా కప్పుతారట. ఫొటోలు కూడా తీయిస్తామని మనిషితో చెప్పి పంపారు.

నవంబరు నుంచి ఆయనకి మూడు ఉత్తరాలు రాశాను, నా ఫొటో తీసెయ్యమని. రాశాను గాని, పోస్టు చెయ్యలేదు. నలుగురిలో నవ్వులపాలవుతానని. కుర్చీలో దిగులు మొహం పెట్టింది నేనే కదా.

ఫిబ్రవరి 11

రేపు వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. ఏం చెప్పబోతున్నానో కూడా చెప్పాను.

అత్తయ్య చాలా సంతోషించారు. "చెప్పు. నూనె కాదు, దేవుడని చెప్పు."

మా ఆయన, "చేపల సంగతి కూడా ఒక ముక్క" అన్నారు.

ఫిబ్రవరి 12

మండపం నిండిపోయింది. కుర్చీల్లో మనుషులు, మనుషుల చేతుల్లో మనుషులు. వేదిక వెనకాల గుడ్డ మీద నేను, నిలువెత్తు, దిగులుగా ఒకటి, నవ్వుతూ ఒకటి.

మైకు ఇచ్చారు. పదహారేళ్లుగా నలభైమందికి పాఠం చెబుతున్నదాన్ని, మైకుని చాక్‌పీసులా పట్టుకున్నాను. 

"నా పేరు స్టెల్లా. ఆ 'ముందు' ఫొటో తర్వాత తీసింది. అప్పటికి నాకు బాగానే ఉంది. దిగులు నటించాను. నాకున్నది వచ్చిపోయే జబ్బు. అది దానంతట అదే వస్తుంది, దానంతట అదే తగ్గుతుంది. తగ్గే రోజుల్లో నేను నూనె రాసుకున్నాను. అదే రోజుల్లో చేపలు మానేశాను, పక్కింటావిడ మొక్కుకున్నారు, మా అత్తయ్య ప్రార్థన చేశారు. వీటిలో దేని వల్ల తగ్గిందని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. ఇదే జబ్బు ఇంకో రకంగా ఉన్నవాళ్లున్నారు. వాళ్లకి అది తగ్గదు. తగ్గకపోవడం వాళ్ల నమ్మకంలో లోపం కాదు. వాళ్లని ఆవిరిపెట్టెల్లో పెట్టకండి."

 నరసరాజు గారు నిదానంగా లేచి, నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"విన్నారా! సంవత్సరం కింద నిలబడలేని మనిషి, ఇంతసేపు నిలబడి, కాగితం చూడకుండా ఎలా మాట్లాడారో విన్నారా!"

చప్పట్లు! మండపం ఎగిరిపోయేలా చప్పట్లు. శాలువా కప్పేశారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి చేతులు జోడించి అడిగారు: "అమ్మా, ఆ తగ్గే రకం మాక్కూడా రావాలంటే ఏ నూనె వాడమంటారండీ?"

నాకు కుర్చీ దొరికితే బాగుండుననిపించింది.

అప్పుడు వెనక నుంచి, "ఒక్క మాటండీ" అని వినపడింది. చలపతిరావు గారు. చక్రాల కుర్చీని సీతారత్నం గారు తోసుకొస్తున్నారు. దారి వదిలారు జనం.

"నేను కూడా ఈయన పేషెంటునేనండీ. నలభై ఒక్క రోజులూ ఉన్నాను. ఆ గుడ్డ మీద నా ఫొటో ఎందుకు లేదో అడుగుదామని వచ్చాను."

అని, పంచె పైకి తీసి కాలు చూపించారు. మూడు నెలలైనా ఇంకా పచ్చిగానే ఉంది.

నరసరాజు గారు మైకులో ఏదో అన్నారు. ఎవరూ వినలేదు. ముందు వరసలో ఒకావిడ తన కొడుకు ఒళ్లో పెట్టుకున్న సీసా తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసింది. తర్వాత ఇంకొకరు. సగం మంది వెళ్లిపోయారు. మిగతా సగం మాత్రం, నిజం చెప్పాలంటే, మళ్లీ వరసలో నిలబడ్డారు. వాళ్లకి వెళ్లడానికి ఇంకెక్కడా లేదు.

బయట సీతారత్నం గారి దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు మీరు అడిగినప్పుడు నాకు తెలియదని చెప్పాల్సిందండీ. చెప్పలేదు. తప్పు నాది."

ఆవిడ కుర్చీ చక్రానికి చుట్టుకున్న దారప్పోగు లాగేశారు. "ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లండి" అన్నారు. క్షమించానని అనలేదు. వెళ్లి తాగాను.

మార్చి 30

నరసరాజు గారు జంగారెడ్డిగూడెంలో బోర్డు దించేశారట. ఇంకో జిల్లాలో ఎత్తారట. ఆ బోర్డు మీద ఇప్పుడు ఇంకెవరో నవ్వుతున్నారు.

జూన్ 4

మే నెల మూడో వారం నుంచి పక్క మీదే. ఈసారి రెండు కాళ్లూ, కుడిచెయ్యీ. స్టెరాయిడ్ ఎక్కించారు. ఈ నాలుగు ముక్కలూ ఎడమచేత్తో రాస్తున్నాను.

పరామర్శకి మా ఊరినించి మనుషులొస్తున్నారు. కొల్లేట్లో చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయిస్తోంది కదా. మా తమ్ముడి చెరువూ పోయింది. అందరూ నా మంచం చుట్టూ కూర్చుని గట్ల గురించి ఏడుస్తున్నారు. నాకూ హాయిగానే ఉంది. నా కాళ్ల గురించి కాక వేరే సంగతి విని ఎన్నాళ్లైందో.

జూన్ 17

తగ్గినప్పుడు నలుగురు హక్కుదారులు. తిరగబెట్టాక ఒక్కరూ లేరు, కారణాలు మాత్రం ఉన్నాయి. సభలో నేను దేవుడి పేరు గట్టిగా చెప్పలేదని అత్తయ్య. తలనీలాలు బాకీ అని మంగతాయారు గారు. ప్రసాదరావు గారు సీసా మధ్యలో ఆపకూడదన్నారు. ఎవరో దొంగతనంగా చేపలు తిన్నారని మా ఆయన.

తిన్నాను. ఏప్రిల్లో, మా తమ్ముడింట్లో. రెండుసార్లు వడ్డించుకున్నాను.

సెప్టెంబరు 10

స్కూల్లో చేరాను, చేతికర్రతో. చెయ్యి పూర్తిగా వచ్చింది. కాళ్లు ముప్పాతిక వచ్చాయి. మిగతా పాతిక దారిలో ఉందనుకుంటాను.

2007 జనవరి 8

దారిలోనే ఉంది.

ఏప్రిల్ 15

చలపతిరావు గారు ప్రతి ఒకటో తారీఖునా ఫోను చేస్తారు. ఆయన అడుగులు ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు నావి రాస్తున్నారు. స్కూలు గేటు నుంచి ఎన్ని అడుగులకి కాలు ఈడుస్తోందో చెప్పాలి. గత రెండు నెలలు కొంచెం పెంచి చెప్పాను. ఎండలు కదా, అసలు లెక్క అది కాదని.

జూన్ 2

"టీచరు గారూ, ఒక మాటండీ" అన్నారు ఫోనులో. "మార్చి, ఏప్రిల్ లెక్కలు మీరు పెంచి చెప్పారు. సర్వేయర్ని కదా, తెలుస్తుంది. వాటిని వదిలేసి గీశాను."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీ గీతలో మెట్లు కనపడట్లేదండీ. దెబ్బ ఏమీ కొట్టలేదు కదా ఈ మధ్య?"

"లేదండీ."

"అయినా దిగుతోంది. డాక్టరు గారికి చూపించుకోండి. నేను కూడా తప్పు గీసి ఉండొచ్చు."

ఇన్నాళ్లలో ఆయన తప్పు గీయడం నేను చూడలేదు. ఫోను పెట్టేసేముందు, "భయపడకండి. ఈ వాలు మీద నేను ముందే ఉన్నాను, పైనించి ఎవరన్నా వస్తుంటే పలకరిస్తాను" అన్నారు. నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఆ క్రమంలోనే.

జూన్ 16

విజయవాడ. డాక్టరు గారు కళ్లు మూసి నిలబడమన్నారు, గీత మీద నడవమన్నారు, అరికాలు గీశారు. సెకండరీ ప్రోగ్రెసివ్ అని చీటీ మీద రాశారు. రెండో రకం.

"ఎంత తొందరగాండీ?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా. కొందరికి మధ్యలో ఏళ్ల తరబడి ఆగుతుంది. వ్యాయామం మానకండి, ఎండలో తిరగకండి, పడకుండా చూసుకోండి. స్కూలు మానక్కర్లేదు."

మా ఆయన ఈసారి టేపు మాట ఎత్తలేదు. బస్సులో నా కర్ర హనుమాన్ జంక్షన్ దాకా తన కాళ్ల మధ్యే పెట్టుకున్నారు. అక్కడ దిగి వెళ్లి, ఆకులో కట్టించుకుని చేపల వేపుడు తెచ్చారు. "వేడిగా ఉంది, తిను" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

జూన్ 18

హెడ్మాస్టరు గారు తొమ్మిదో తరగతిని కింది గదికి మార్చారు. పిల్లలు బెంచీలు మోస్తున్నారు. నా వల్ల ఇంత శ్రమ పడుతున్నారు, నాకే బాధగా ఉంది అన్నాను వాళ్లతో. పొరపాటు కాకపోయినా చెప్పాను. వాళ్లు బిత్తరపోయారు.

జూన్ 24

అత్తయ్యకి చెప్పలేదు ఇన్నాళ్లూ. చర్చి నుంచి వచ్చి, పళ్లెంలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. ఎదురుగా కూర్చుని చెప్పాను. మూడు రకాలూ చెప్పాను, పిల్లలకి చెప్పినట్టు. మధ్యలో అడ్డు రాలేదు.

"అయితే ఇక తగ్గదా?"

"ఆగితే ఆగొచ్చు అన్నారు. తగ్గడం ఉండదన్నారు అత్తయ్యా."

రాయి ఏదీ దొరకలేదు గాని వేళ్లు బియ్యంలో తిరుగుతూనే ఉన్నాయి. "మూడేళ్లు అందరికీ చెప్పుకున్నానే, నా ప్రార్థన వల్ల తగ్గిందని. సభల్లో చెప్పాను. ఇప్పుడు వాళ్లడిగితే ఏం చెప్పను?"

"తెలియదని చెప్పండి. నేను అదే నేర్చుకుంటున్నాను."

పళ్లెంలో బియ్యాన్ని అరచేత్తో సర్దారు. తర్వాత, ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చాక మొదటిసారి, నన్ను అడిగారు: "మరి ఇప్పుడు నేనేమని ప్రార్థన చెయ్యమంటావు?"

ఆలోచించాను. "బాత్రూములో పడితే లేపడానికి పక్కన ఒక మనిషి ఉండాలని చెయ్యండి."

ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. "అంత చిన్నదానికి దేవుణ్ణి పిలవడమెందుకు? నేను లేనూ?"

పళ్లెం పక్కకి తోసి, మోకాళ్లు పట్టుకుని లేచారు. కాసేపటికి బాత్రూములోంచి, గచ్చు మీద నాచు రుద్దుతున్న చప్పుడు వినిపించింది.